సగటు మనిషియు, పెద్ద వరదయు

గణిత లోకయాత్ర: ఏడవ భాగము

గోదావరికి ఎఱ్ఱనీరు దిగిన దినములలో రాజమహేంద్రవరపు పుష్కరఘట్టమున సాయంకాలము మెట్లపై కూర్చుండు పెద్దలు నదిని వర్ణింపరు, అంకెలు చెప్పుకొందురు. భద్రాచలమున నీరెంత యున్నది, ధవళేశ్వరమున ఎన్ని లక్షల క్యూసెక్కులు సముద్రమునకు వదలుచున్నారు, రేపటికి ఎంత పెరుగును అనునవే వారి ముచ్చటలు. ధవళేశ్వరము వద్ద 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఎక్కములు సరిగా రాని పిల్లలకు సైతము మా జిల్లాలలో ఈ మూడంకెలు కంఠస్థములు. మూడవ హెచ్చరికనాటి ప్రవాహము సుమారు 17 లక్షల క్యూసెక్కులు. 1986వ సంవత్సరము ఆగస్టు నెల 16వ తేదీన ధవళేశ్వరమున కొలువబడిన ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు మించినది. అనగా ఇంతకు పైన ఇక ప్రమాదమేమున్నదని చివరి గీత గీచి యుంచిన తావునకు ఇంచుమించు రెట్టింపు. ఏటేటి పెద్ద వరదలను కూడి, ఏండ్ల సంఖ్యచే భాగించి, సగటు తీయుట మూడవ తరగతి బాలునకును సాధ్యమే. కాని ఆ సగటునందు 1986 ఎక్కడ నున్నదని వెదకినచో కనబడదు.

ఈ భాగమునకు నాయకుడు ఆ సగటే. అది జ్యోతిశ్శాస్త్రమునుండి సంఘశాస్త్రమునకును, సంఘశాస్త్రమునుండి భౌతికశాస్త్రమునకును, మరల భౌతికశాస్త్రమునుండి అంగడివీధికిని చేసిన ప్రయాణము విచిత్రమైనది. ఆ ప్రయాణమున మన దేశమునందలి మజిలీ కలకత్తా యగుటయు, ఆ మజిలీలో నొక తెలుగు యువకుడు తటస్థపడుటయు తెలుగు పాఠకులు విశేషించి తెలిసికొనదగినవి.

గత భాగమున బెల్జియము దేశపు జ్యోతిష్కుడు అడాల్ఫ్ కెతలేను గూర్చి చెప్పియుంటిని. ఒకే నక్షత్రమును పలుమారు కొలిచినపుడు వచ్చు చిన్న చిన్న తప్పులు గంట యాకారపు వక్రరేఖగా అమరునని ఎరిగిన ఆ మనిషి, 5738 మంది స్కాట్లండు సిపాయిల రొమ్ము కొలతలు తీసికొని చూడగా అవియు ఆ రేఖపైననే అమరెను. ప్రకృతి యొక ఆదర్శపురుషుని చెక్కబోయి, చేయి వణకి, మనలనందరను కొంచెము కొంచెము తప్పుగా చెక్కినదన్నట్లు ఆయన భావించెను. 1835లో ప్రకటించిన గ్రంథమున 'సగటు మనిషి' యను కల్పితవ్యక్తిని ప్రతిష్ఠించి, ఆ విద్యకు 'సామాజిక భౌతికము' అని పేరు పెట్టెను. ఏటేట జరుగు వివాహములు, నేరములు, ఆత్మహత్యలు సైతము ఇంచుమించు ఒకే సంఖ్యలో నుండుట చూచి ఐరోపా విద్వాంసులు కొందరు సంతోషించిరి, కొందరు భయపడిరి. మనిషి స్వేచ్ఛగా చేసెననుకొన్న పని జాబితాలో ముందే వ్రాయబడియున్నట్లు తోచినప్పుడు భయపడుట సహజమే కదా.

ఈ సిద్ధాంతమును గూర్చి జాన్ హెర్షెల్ వ్రాసిన దీర్ఘసమీక్ష 1850లో నొక ఆంగ్లపత్రికయందు వెలువడెను. దానిని చదివినవారిలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అను పందొమ్మిదేండ్ల విద్యార్థి యుండెను. తొమ్మిదేండ్లు గడచిన పిమ్మట, ఒక పాత్రయందలి వాయుకణములలో ప్రతికణము యొక్క వేగమును తెలిసికొనుట మానవసాధ్యము కాదనియు, ఏ వేగముతో ఎన్ని కణములు పోవుచున్నవో చెప్పుట మాత్రము సాధ్యమనియు ఆయన నిరూపించునపుడు, వాడిన తర్కము హెర్షెల్ సమీక్షలోని తర్కమునకు అతిసన్నిహితము. బోల్ట్‌జ్‌మన్ 1872లో అణువులను జనసముదాయముతో బాహాటముగనే పోల్చెను. కావున నేడు ఎవరైనను భౌతికశాస్త్రజ్ఞులు తమకు సంబంధములేని అర్థశాస్త్రమున చొరబడుచున్నారని ఆక్షేపించినచో, అసలు అప్పు ఎవరు ఎవరికి పడినదో చిట్టా తీసి చూడవలసియుండును. జనాభా లెక్కలనుండి వాయుశాస్త్రము మొదట అప్పు తెచ్చుకొన్నది. తీర్చుట మాత్రము నూరేండ్లకు పైగా ఆలస్యమైనది.

సగటు మనిషికి మొదటి దెబ్బ కొట్టినవాడు విల్ఫ్రెడో పరేటో. ఇటలీ దేశమున రైల్వే ఇంజనీరుగా పనిచేసి, పిదప స్విట్జర్లండులోని లోజాన్ నగరమున అర్థశాస్త్రాచార్యుడైన ఈయన పన్ను లెక్కలు సేకరించి చూచెను. మనుష్యుల రొమ్ము కొలతలు గంటరేఖపై కూర్చున్నంత బుద్ధిగా మనుష్యుల ఆదాయములు కూర్చుండలేదు. ధనవంతుల వైపు ఆ రేఖ మెల్లగా, మిక్కిలి మెల్లగా దిగుచు, దూరముగా సాగిపోయెను. ఎత్తులో సగటుకు పదిరెట్లున్న మనిషి లోకమున లేడు. ఆస్తిలో సగటుకు వేయిరెట్లున్నవాడు ప్రతి తాలూకాలోను ఉండును. డెల్టావాసులకు దీనిని వివరింప నక్కరలేదు. ఒకవైపు పిఠాపురము వంటి సంస్థానములును, మరియొకవైపు సెంటు భూమి లేక కౌలుకు దున్నుకొను పాలికాపులును ఒకే కాలువ నీటికి ఎదురుచూచిన గడ్డ యిది.

ఇక కలకత్తా మజిలీకి వత్తము.

మేఘనాద్ సాహాను నక్షత్రకాంతిని చదివినవానిగా లోకమెరుగును. అలహాబాదులో ఆచార్యుడుగా నున్నకాలమున, బి.ఎన్. శ్రీవాస్తవతో కలసి ఆయన రచించిన ఉష్ణశాస్త్ర పాఠ్యగ్రంథము 1931లో వెలువడినది. అందు మాక్స్‌వెల్ వేగవిభాగమును బోధించు చోట, దేశప్రజల ఆదాయవిభాగమును ఉపమానముగా తెచ్చిరి: ఏమియు లేనివారు కొందరు, మధ్యమున గుంపు, పైకి పోవుకొలది పలుచన. భౌతికపాఠము చదువుకొను కుర్రవానికి వాయువును అర్థము చేయించుటకు సంఘమును చూపిరన్నమాట. పాఠ్యపుస్తకములలో ఉపమానములు పరీక్ష గడచిన మరుసటి దినమున మరువబడునవి. ఇది మాత్రము ఏడు దశాబ్దములు మరుగున పడియుండి మొలకెత్తినది. దానిని పిదప చెప్పుదును.

అదే కాలమున కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచుండిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ తన గది మూలను గణాంకశాలగా మార్చివేసెను. కేంబ్రిడ్జిలో భౌతికము చదివి స్వదేశమునకు ఓడనెక్కిన 1915 ప్రాంతమున, ఆయన చేత 'బయోమెట్రికా' అను పత్రిక సంపుటములు పడినవి; ఓడ తీరము చేరునప్పటికి ఆయన సగము గణాంకశాస్త్రజ్ఞుడైయుండెను. అయితే మహలనోబిస్‌ను నిజముగా పరీక్షించినది నది. 1926లో ఒరిస్సాయందు బ్రాహ్మణీనదికి గొప్ప వరద రాగా, నది గర్భము మెరకవేయుటచేతనే ఇట్లు జరిగినది, గట్లు అనేకములైన అడుగులు ఎత్తు చేయవలెనని ఇంజనీర్లు సలహా యిచ్చిరి. మహలనోబిస్ సుమారు అరువదేండ్ల వర్షపాతపు లెక్కలు, వరద లెక్కలు దగ్గర పెట్టుకొని, గర్భము మెరకవేసిన జాడ లేదనియు, ఎగువ వాన యెక్కువ కురియుటయే కారణమనియు తేల్చెను. గోదావరి మండలమువారికి ఈ కథలోని రుచి వేరు. ఏటిగట్టు ఎత్తు చేయవలెనా వద్దా యను వాదము వినని తరము మాలో లేదు. ఆ వాదమును గొంతుకతోగాక పాత రిజిస్టర్లతో తీర్చిన మనిషి యొకడు కలకత్తాలో ఉండెనని మాత్రము చాలమంది యెరుగరు.

1931 డిసెంబరు 17న కలకత్తాలో భారత గణాంకసంస్థ పుట్టినది. బెంగాలు జనపనార పంట అంచనాకు మహలనోబిస్ 1937 మొదలుకొని చేసిన నమూనా సర్వేల తత్త్వమును తెలియవలెనన్నచో, భీమవరము పరిసరములందు రొయ్యల చెరువు గట్టుపై పది నిమిషములు నిలిచిన చాలును. పట్టుబడికి ముందు కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో, అనగా కౌంటు ఎంతయో, తెలిసికొనుటకు రైతు చెరువు తోడివేయడు. నాలుగు చోట్ల వల విసరి, పడినవానిని తూచి, లెక్కపెట్టును. మేత వేయుచోటనే వల విసరినచో కౌంటు అబద్ధమాడునని కూడ అతడెరుగును. ఏ చోట విసరవలెను, ఎన్నిమారులు విసరవలెను అనునదియే ఆ శాస్త్రమంతయు. వరిచేలలో నేడును గవర్నమెంటు సిబ్బంది యాదృచ్ఛికముగా నెన్నుకొన్న మడిలో అయిదు మీటర్ల చదరము కొలిచి చేయు పంటకోత ప్రయోగము ఈ వంశములోనిదే. ఆ చదరము ఎంత యుండవలెనను విషయమున మహలనోబిస్‌కును పి.వి. సుఖాత్మేకును ఘోరమైన వివాదము నడచెను. తుంపు మరీ చిన్నదైనచో అంచుననున్న దుబ్బులన్నియు లోపలికే లెక్కకు వచ్చి దిగుబడి ఎక్కువగా కనబడునని సుఖాత్మే వాదము. కోతకాలమున గట్టున నిలిచిన ఏ రైతును అడిగినను ఆయన పక్షమే పలికియుండును.

1941 జనవరి 1వ తేదీన ఈ గణాంకసంస్థలో ఇరువదేండ్ల తెలుగు కుర్రవాడొకడు చేరెను. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హడగళ్ళిలో జన్మించెను. ఎనిమిదవ సంతానమగుటచే, దేవకీదేవి ఎనిమిదవ బిడ్డ పేరే పెట్టిరి. పోలీసు ఉద్యోగియైన తండ్రికి బదిలీలు తప్పవు గనుక గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణము అని చదువు ఊరూర సాగెను. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి, చదువుకొనుటకు కూర్చుండబెట్టెడిదని ఆయన తరువాతి కాలమున ఒక గ్రంథమును ఆమెకు అంకితమిచ్చుచు స్మరించెను. వాల్తేరున ఆంధ్రవిశ్వవిద్యాలయమునందు గణితము పూర్తిచేసి, ఉద్యోగము కొరకు కలకత్తా పోయి, ఆ యుద్ధకాలపు ఉద్యోగము దొరకక, దొరికిన గణాంకసంస్థలో విద్యార్థిగా చేరుట జరిగినది. దొరకని ఉద్యోగములు లోకమునకు చేసిన ఉపకారములను గూర్చి ఎవరైన నొక గ్రంథము వ్రాయవలసియున్నది.

1940వ దశకపు నడిమి సంవత్సరములలో రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచు, అంచనాలయందలి దోషమునకు ఒక కనీసపు హద్దు కలదనియు, నమూనా మిక్కిలి పెద్దదైనపుడు అది నిజమనియు గణాంకశాస్త్రజ్ఞుడు ఫిషర్ సిద్ధాంతమును వివరించుచుండిరి. తరగతిలోని వి.ఎం. దండేకర్ అను విద్యార్థి లేచి, నమూనా చిన్నదైనచో నేమగును అని ప్రశ్నించెను. గురువుగారి వద్ద సమాధానము లేదు. ఆ రాత్రి కూర్చుండి సాధించి, మరునాడు తరగతికి సమాధానముతో పోయిరి. ఆ ఫలితము 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో పది పదునొకండు పుటల వ్యాసముగా అచ్చైనది. స్వీడన్ దేశపు హరాల్డ్ క్రామర్ స్వతంత్రముగా దానినే సాధించి 1946లో ప్రకటించుటచే క్రామర్–రావు అసమానతగా అది ప్రసిద్ధమైనది. పది వలలు విసరి చెరువు కౌంటు చెప్పుటలో, ఎంతటి నేర్పరియైనను, ఎంతటి సూత్రము వాడినను, దోషమును ఈ హద్దుకు దిగువకు పక్షపాతము లేక తగ్గింపజాలడని దాని సారము. గాలి వార్తలు చెప్పువారికి ఇది యొక లక్ష్మణరేఖ.

ఆ వ్యాసమునందే మరియొక భావము కలదు. నా మట్టుకు నాకు అదియే సుందరతరము. రెండు జనసముదాయములు ఎంత దూరమున నున్నవని అడుగుట యెట్లు? మహలనోబిస్ 1936లో ఒక దూరమును నిర్వచించియుండెను. రావుగారు అంతకు మించి, సముదాయములన్నియు ఒక వంపు తిరిగిన నేలపై ఊళ్ళవలె నున్నవని భావించి, ఆ నేలపై నడచిపోవు దారిపొడవునే దూరముగా కొలిచిరి. కోనసీమవారికి ఈ తత్త్వము అనుభవసిద్ధము: పాయకు ఆవలి లంక కంటికి అరమైలు, రేవున పడవ లేనినాడు వంతెన చుట్టి పోవలెనన్నచో ఒక పూట పట్టును. కాగితముపై గీచిన తిన్నని గీత దూరము కాదు. 1941లో సంయుక్తపరగణాలయందు (నేటి ఉత్తరప్రదేశ ప్రాంతమున) ఇరువది పైచిలుకు కులములు, తెగలకు చెందిన సుమారు మూడువేలమంది దేహపు కొలతలు తీసి, వానిని పరిశీలించు భారీపనిలో మహలనోబిస్, డి.ఎన్. మజుందార్‌లతో రావుగారు పాలుగొని యుండిరి. నైరూప్యమైన జ్యామితి ఆ మనుష్యుల ముక్కులు, నొసళ్ళు కొలిచిన పట్టికల మధ్య పుట్టినదన్నమాట. పిదప ఉష్ణగతికశాస్త్రజ్ఞులు సైతము ఒక పదార్థము నీరునుండి ఆవిరిగా మారుచోట జరుగు వైపరీత్యములను కొలుచుటకు ఇటువంటి వంపు నేలల జ్యామితినే ఆశ్రయించిరి. రావుగారు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారమును పొంది, అదే సంవత్సరము ఆగస్టు 22న 102 ఏండ్ల ప్రాయమున అమెరికాలో కీర్తిశేషులైరి.

ప్రశ్న అడిగిన దండేకర్ ఏమయ్యెను? ఆయన అర్థశాస్త్రజ్ఞుడై, నీలకంఠ రథ్‌తో కలసి 1971లో 'భారతదేశమున దారిద్ర్యము' అను గ్రంథము వ్రాసెను. 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వే సేకరించిన కుటుంబవ్యయపు లెక్కలే దానికి పునాది. దినమునకు 2250 కేలరీల తిండి కొనుటకు 1960–61 నాటి ధరలలో నెలకు పల్లెలో తలకు 15 రూపాయలు, పట్టణమున 22 రూపాయల 50 పైసలు కావలెనని గీత గీచి, పల్లెవాసులలో నూటికి నలుబదిమంది ఆ గీతకు దిగువనున్నారని చూపెను. ధవళేశ్వరపు గీత నీరు పైకి రాకుండ చూచుటకు. ఈ గీత మనుష్యులు దిగువకు పోకుండ చూచుటకు. దేశపు తలసరి సగటు ఆదాయము పెరుగుచున్నదని సంతసించుచున్న కాలమున, సగటును ప్రక్కకు త్రోసి రేఖ యొక్క ఎడమతోకను చూపుడని అడిగినది ఆ పుస్తకము.

కుడితోకను చూచినవారు వేరు. నైలునది జలాశయములకై జీవితమంతయు ఈజిప్టున గడపిన హెరాల్డ్ హర్స్ట్ అను ఆంగ్లేయుడు, శతాబ్దములనాటి నీటిమట్టపు లెక్కలను పరిశీలించి, మంచి ఏండ్లు మంచి ఏండ్లతోను, చెడ్డ ఏండ్లు చెడ్డ ఏండ్లతోను గుంపుకట్టునని, నదికి జ్ఞాపకశక్తి కలదా యన్నట్లు వర్తించునని 1951లో ప్రకటించెను. బెన్వా మాండెల్‌బ్రాట్ 1963లో అమెరికా ప్రత్తి ధరలను పరీక్షించి, అవి గంటరేఖ ఒప్పుకొనుదానికంటె ఎంతో తరచుగా పెద్ద పెద్ద గంతులు వేయునని చూపెను. తరువాత హర్స్ట్ నదీగణితమును ధరల గణితముతో కలిపినవాడును ఆయనయే. ధవళేశ్వరపు ఆనకట్ట కట్టిన కాటన్ దొర పేరును, ప్రత్తిపంట ఆంగ్లనామమును ఒక్కటే యగుట కేవలము కాకతాళీయము. అయినను ధవళేశ్వరమున పుట్టినవాడు దానిని చెప్పక ఊరకుండలేడు. అంబాజీపేట కొబ్బరిమార్కెట్టులో ధర తెల్లవారునప్పటికి కూలుట చూచినవారు, మాండెల్‌బ్రాట్ చెప్పినది గణితమని వినియుండకపోయినను, కొత్తసంగతి యని మాత్రము అనరు.

1995లో కలకత్తాయందు జరిగిన సాంఖ్యక భౌతికశాస్త్ర సదస్సులో బోస్టన్ విశ్వవిద్యాలయపు యూజీన్ స్టాన్లీ ఈ విద్యకు 'ఎకనోఫిజిక్స్' అని నామకరణము చేసెను. పేరు సంకరజాతిది, నాకు రుచింపలేదు. 'అర్థభౌతికము' అందము. అప్పటికి స్టాక్ ఎక్స్చేంజీల కంప్యూటర్లు ప్రతి బేరమును నమోదు చేయుచుండుటచే, వాయుకణముల సంఖ్యకు దీటుగా గాకున్నను, భౌతికశాస్త్రజ్ఞుని నోరూరించునంతటి రాశులుగా అంకెలు లభించుచుండెను. ఆ కలకత్తాలోనే, సాహా పేర వెలసిన పరిశోధనాలయమునందు బికాస్ చక్రబర్తియు, ఆయన శిష్యుడు అనిర్బన్ చక్రబర్తియు, అమెరికాలోని మేరీలండులో ద్రగులెస్కు, యాకొవెంకోలును 2000వ సంవత్సరమున వేర్వేరుగా, డెబ్బదేండ్లనాటి పాఠ్యపుస్తకపు ఉపమానమును నిజముగా లెక్కకట్టిరి.

ఆ లెక్కను నేను సంక్రాంతి బరిలోనికి దింపెదను. కోడిపందెమునకు వేయిమంది వచ్చిరనుకొనుడు. ఒక్కొక్కని జేబున సరిగా వేయి రూపాయలు. ఎవరైన ఇద్దరు ఎదురుపడి, తమ ధనమునంతయు ఒకచోట పోసి, అదృష్టము చెప్పినట్లు ఎంతకంత పంచుకొని విడిపోదురు. మరల వేరొకరితో అదే పని. మోసము లేదు, నేర్పు లేదు, బరి నిర్వాహకుని వాటా కూడ లేదనుకొనుడు. (ఈ చివరిది భౌతికశాస్త్రజ్ఞుల అమాయకత్వమునకు తార్కాణము.) వాయుకణములు ఢీకొన్నపుడు మొత్తము శక్తి మారక పంపిణీ మాత్రము మారినట్లు, ఇచటను మొత్తము పది లక్షల రూపాయలు మారవు. కనుమనాటికి ఏమగును? సగటు అప్పటికిని వేయి రూపాయలే. కాని నూటికి 63 మంది చేత సగటుకంటె తక్కువ యుండును. నడిమివాని జేబున 693 రూపాయలుండును. దిగువ సగముమంది చేత మొత్తములో ఏడవవంతు కంటె కొంచెమే యెక్కువ, పై పదవవంతుమంది చేత మూడవవంతు ఉండును. అందరును సమానముగా ఆరంభించి, ఎవడును తప్పుచేయక, కేవలము యాదృచ్ఛికముగా ఇచ్చిపుచ్చుకొనుటచేతనే ఇంత అసమత పుట్టుట చూచి నేను మొదట నమ్మక, కాగితముపై చేసి చూచుకొంటిని.

ప్రతివాడును పందెమునకు ముందు సగము సొమ్ము మొలత్రాటికి ముడివేసికొన్నచో, అనగా పొదుపు చేసినచో, బిచ్చగాండ్రు తగ్గి మధ్యమున గుంపు ఏర్పడును. సాహా గ్రంథమునందు చెప్పిన ఆకారము వచ్చును. ఒక్కొక్కడు ఒక్కొక్క పాలున పొదుపు చేసినచో పరేటో చూచిన దీర్ఘమైన తోక మొలచునని 2004లో కలకత్తావారు చూపిరి. యాకొవెంకో అమెరికా పన్ను లెక్కలను పట్టి చూడగా, జనులలో నూటికి 97 మొదలు 99 మంది వరకు వాయుకణములవలెనే వర్తించుచు, మిగిలిన ఒకరు, ఇద్దరు, ముగ్గురు మాత్రమే పరేటో తోకలో ఊగుచున్నారని తేలినది.

దీనిని అర్థశాస్త్రజ్ఞులందరును మెచ్చలేదు. 2006లో నలుగురు, వారిలో ఈ విద్యయందు స్నేహభావము కలవారే యున్నారు, కఠినముగా విమర్శించిరి: ధనము చేతులు మారుటయే ఆర్థికజీవనమా? ఉత్పత్తి యెక్కడ? వాయుపాత్రలో శక్తి మొత్తము మారదు నిజమే. కాని కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టకు పూర్వమును, తరువాతను ఈ డెల్టాలోని ధనము మొత్తము ఒక్కటేనా? సార్వా, దాళ్వా పండించు నేల పందెపుబరి కాదు. ఈ ఆక్షేపణ నాకు న్యాయముగనే తోచుచున్నది. నమూనా చెప్పగలిగినది ఇంతే: పెరిగిన ధనము పంచుకొను పద్ధతిలో యాదృచ్ఛికమునకు ఎంత పాలున్నదో చూపి, మిగిలిన పాలునకు మాత్రమే మనుష్యులను నిలదీయుమనును. అది చిన్న సాయము కాదు.

అంతకంటె సాహసికమైన శాఖ మరియొకటి కలదు. అయస్కాంతమునందలి అణువులు ఒక్కొక్కటి చిన్న సూది. ప్రతిసూదియు ప్రక్కసూదిని చూచి తిరుగును. వేడి యెక్కువగా నున్నపుడు ఎవరిదారి వారిది. వేడి ఒక మేరకు తగ్గినంతనే, పైనుండి ఎవరును ఆజ్ఞాపింపకయే, సూదులన్నియు ఒక్కవైపు తిరిగి నిలుచును. ఈసింగ్ 1925లో పరిశీలించిన ఈ నమూనా వంటి దానిని సెర్జ్ గలాం మరి యిద్దరితో కలసి 1982లో ఒక కర్మాగారపు సమ్మెకు అన్వయించెను: పనికి పోవుటయా మానుటయా అను రెండు దిక్కుల మధ్య కార్మికులు సూదులు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి దాదాపు లక్ష ఎకరములు ఊడ్పులు లేక వదలివేసినపుడు, నాకు గలాం సమ్మెవ్యాసము జ్ఞప్తికి వచ్చెను. కారణములు లోకమెరిగినవే: మద్దతుధర పెట్టుబడికి చాలకపోవుట, మురుగుకాలువలు పూడి చేలు మునుగుట, కూలీలు దొరకకపోవుట, కొన్న ధాన్యమునకు చోటు లేకపోవుట. ఇవన్నియు అంతకు ముందేడును ఉండినవి. ఒక్క యేట అంతమంది కలసి మానుట కారణముల మొత్తమువలన కాక, ప్రక్కమడివానిని చూచుటవలన జరిగినది. నాలుగువైపుల బీడులుండగా నడుమ ఒక్క మడి పచ్చగా నున్నచో ఊరిలోని ఎలుకలు, పశువులు, కొంగలు అన్నియు దానికే అతిథులు. కావున మానవలెనని లేనివాడును మానవలసివచ్చును. గట్టు తెగిన వరదకును, ఈ విరామమునకును గణితమున బంధుత్వము కలదు. మోహన్ కందా అధ్యక్షతన సర్కారు సంఘమొకటి నియమింపబడి కారణములను విచారించెను. విచారణలు కారణములను లెక్కించును గాని ప్రక్కచూపులను లెక్కించుట వానికి అలవాటు లేదు.

ఇచట నదికిని మనిషికిని నడుమ భేదమొకటి అడ్డుపడుచున్నది. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి, అందరును చేరితిమా యని లెక్కించుకొన్నపుడు ఎవడు లెక్కించినను ఒకడు తగ్గెను. లెక్కించువాడు తన్ను విడిచిపెట్టుటయే దానికి హేతువు. వాయువును లెక్కించువాడు వాయుకణము కాడు గనుక మాక్స్‌వెల్‌కు ఆ చిక్కు లేదు. కోనసీమలో ఈ ఏడు సగముమంది మానుదురట యను అంచనా అచ్చులో పడిన ఉదయమున, ముంగండ లోనో ముమ్మిడివరము లోనో టీ దుకాణమున దానిని చదువు రైతు ఆ అంచనాలోని సూదియే. చదివి, నారుమడి వైపు చూచి, ప్రక్కవానిని అడుగును. ధవళేశ్వరమున మాత్రము 11.75 అని పలక కట్టినపుడు లంకలవారు పశువులను గట్టుమీదికి తోలుకొని వత్తురు. గోదావరి ఆ పలకను చదువదు.

(సశేషము)